రీటాకి జీవో అందలేదు

జీవో వచ్చిన మర్నాడు
విజయవాడ స్టేషన్లో ఏమీ మారలేదు.
ఆరో నెంబరు మీదికి రావాల్సిన బండి
ఒకటో నెంబరు మీదికొచ్చింది.
జనం మెట్లెక్కి దిగి, రోజూ లాగే, తిట్టుకున్నారు.

రీటా మాత్రం
ఒక నీలం సంచి ముందు కూర్చుంది.

కూర్చోవడమే దాని మాట.
అరవడం నేర్పలేదు దానికి.
వాసన తగిలితే నడుము నేలకానించి
నా మొహంలోకి చూస్తుంది
ఇదిగో, అని.
ఎనిమిదేళ్లుగా ఆ ఒక్క మాట మీదే
నా జీతం, దాని అన్నం.

సంచి తాలూకు కుర్రాడు బిల్లు తీశాడు.
యాభై గ్రాములు, లైసెన్సు నెంబరు, పన్ను.
అడుగున సన్నక్షరాల్లో
అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.
"మీ కుక్కకి చెప్పండి సార్" అన్నాడు.
చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా.

ఊరు ఊరుకోలేదు.
గవర్నర్‌పేటలో షాపు తెరిచిన పొద్దున
క్యూ చూసి కందిపప్పు అనుకుని నిలబడ్డ ముసలమ్మ
ముప్పావు గంటకి సంగతి తెలిసి
కదల్లేదు.
"మోకాళ్లకి పనికొస్తుందా నాయనా?"
ఆటో మస్తాన్
ఇన్నాళ్లూ వెనక సీట్లో వాసనొస్తే దింపేసేవాడు,
ఇప్పుడు మీటరు మీద ఇరవై అడుగుతున్నాడు.
నిన్నటిదాకా ఆ పేరెత్తితే చెంపలేసుకున్న మా బావమరిది
డీలర్‌షిప్‌కి ఎంత కట్టాలో
కనుక్కోమన్నాడు, నన్ను, యూనిఫాంలో ఉండగా.

కృష్ణలంక ఆడవాళ్లు బోర్డు మీద పేడనీళ్లు కొట్టారు.
వాళ్లని తప్పుపట్టలేను.
సారా చూశారు, బ్రాందీ చూశారు,
మొగుళ్లని ఇంటికి మోసుకొచ్చిన రిక్షాలకి
కొంగుముడి విప్పి బాడుగ ఇచ్చారు.
"ఏ షాపు తెరిచినా దాని వెనకగుమ్మం మా ఇంట్లోకే" అంది సామ్రాజ్యం
బకెట్టు కడుక్కుంటూ.

నాకు బొంజు గుర్తొచ్చాడు.

వంతల బొంజు, పంతొమ్మిదేళ్లు, పాడేరు అవతల ఏదో కొండ.
మూడేళ్ల కిందటి శ్రావణం, ఇదే ప్లాట్‌ఫారం.
రైలెక్కడం అదే మొదలు.
సంచి ఎవరిదో, చేరిస్తే మూడువేలు.
రీటా వెళ్లి వాడి ముందు కూర్చుంది.

వాడు భయపడలేదు.
వాడికి తెలీదు.
తెల్లారినప్పట్నించీ ఎవరూ పలకరించని ఊళ్లో
ఒక కుక్క వచ్చి ఎదురుగా కూర్చుందని
మొహమంతా విప్పారింది.
తింటున్న బన్నులో సగం తుంచి పెట్టాడు,
చెవి వెనక గోకాడు.
"దీని పేరేంటి సార్?"

పేరు చెప్పాను.
చెప్పాకే వాడి చెయ్యి పట్టుకున్నాను.

ఇరవై రెండు కిలోలు, పదేళ్లు.
కోర్టు మెట్ల మీద పీపీగారిని ఆపి అడిగాను.
ఇది నిన్నటి నుంచేనయ్యా,
అప్పటి నేరం అప్పటిదే, అన్నారు, ఫైలు చంక మార్చుకుంటూ.
ఇంటికెళ్లి లెక్క వేశాను.
వాడి సంచి, ఇప్పటి లెక్కన,
నాలుగు వందల నలభై బిల్లులు.

వచ్చే నెల రీటాకి రిటైర్మెంటు.
బంతిపూల దండ వేస్తారట, ఎస్పీగారు బిస్కెట్టు తినిపిస్తారట.
ముక్కుకి నేర్పింది మరిపించే ట్రైనింగు
ఎక్కడా లేదు, అడిగాను.
నాతోనే తీసుకుపోతాను, అజిత్‌సింగ్ నగర్‌కి.

మా సందు చివరా ఒక షాపు పడింది.
నిన్న అటు నడిపిస్తే
క్యూలో అందరి ముందూ కూర్చుంది,
ఇదిగో, ఇదిగో, ఇదిగో అని నన్ను చూస్తూ.
ఒకమ్మాయి ఫొటో తీసుకుంది.
నేను జేబులోంచి సగం బన్ను తీసి పెట్టాను.
తప్పేం చేసిందని పెట్టకుండా ఉంటాను?

రాజమండ్రి జైలుకి ఫోన్ చేశాను.
ములాఖత్‌కి కుక్కల్ని రానివ్వరట.